ఈ నీళ్ళెటు పోతాయమ్మాయ్?

మా తాతమ్మ, స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు బదరీనాథ్ వెళ్ళొచ్చింది. వెళ్ళొచ్చిందంటే హరిద్వారం దాకా రైల్లోనూ, అక్కణ్ణించి ముక్కాలువాసి కాలినడకనానూ. ఆవిడ బయల్దేరిన రోజు సగం ఊరు స్టేషనుకొచ్చిందట. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనుకునే రోజులు కదా, బదరీ అంటే కాశీకి తాత. మా తాతయ్య ప్లాట్‌ఫారం మీద చంటిపిల్లాడిలా ఏడ్చాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ మాత్రం శుభ్రంగా తిరిగొచ్చి, ఊళ్ళో అందరికీ తలో చెంచాడూ గంగ పంచి, నాకు ఏడేళ్ళొచ్చేదాకా బతికింది.

రాత్రిళ్ళు ఆవిడ పక్కలో చేరి యాత్ర కబుర్లు చెప్పమని పీడించేవాళ్ళం. "పొద్దుగూకేసరికి చట్టి చేరుకున్నాం. చట్టిలో వండుకున్నాం, తిన్నాం, చట్టిలోనే పడుకున్నాం" అనేది. చట్టిలో వండుకున్నారంటే సరే, చట్టిలో పడుకోవడమేమిటని మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. మా అన్నయ్య అయితే ఓ రోజు పప్పు వండే చట్టిని నట్టింట్లోకి తెచ్చి, అందులో రెండు కాళ్ళూ పెట్టి నిలబడి "తాతమ్మ పడుకుందర్రోయ్" అని చూపించబోయి, చట్టి పగలగొట్టి, అమ్మచేత వీపు విమానం మోత మోగించుకున్నాడు.

ఆ చట్టి అంటే ఏమిటో నేను బి.ఎ.లో చరిత్ర చదివినప్పుడు కూడా తెలియలేదు. మా పాఠాల్లో పానిపట్టు యుద్ధాలు మూడూ ఉన్నాయిగానీ, మామూలు మనుషులు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళిన దారులు లేవు. 2023 అక్టోబరులో మా అత్తగారిని బదరీ తీసుకెళ్ళినప్పుడు తెలిసింది, అదీ మా డ్రైవరు పుణ్యమా అని. ఋషీకేశం దాటాక ఏదో మలుపు దగ్గర "పాత రోజుల్లో యాత్రికులు ఇటే నడిచేవారు, అటుపక్క గరుడ్ చట్టి, ఆ పైన ఫూల్ చట్టి" అన్నాడు. నేను సీట్లోంచి ఎగిరిపడ్డాను. నలభై ఏళ్ళ నాటి నవ్వు ఒక్కసారి గొంతులో అడ్డం పడింది.

చట్టి అంటే మజిలీ. ఋషీకేశం నుంచి బదరీ దాకా కాలిబాట పొడుగునా కొద్ది మైళ్ళకొకటి చొప్పున ఉండేవి. రాతి గోడలో, తడికలో, పైన గడ్డి కప్పు. పెట్టినవాడు కిరాణా కొట్టువాడు. వాడి దగ్గర పిండీ బియ్యం పప్పూ నెయ్యీ కొనుక్కుంటే చాలు, వండుకోవడానికి గిన్నెలిచ్చి, పడుకోవడానికి చోటిచ్చి, ఆ రెండింటికీ పైసా పుచ్చుకునేవాడు కాదు. చూశారా తమాషా! మన భాషలో చట్టి అంటే వంటపాత్ర, వాళ్ళ భాషలో చట్టి అంటే వంటపాత్ర అరువిచ్చే చోటు. పాపం మా తాతమ్మ రెండర్థాల్లోనూ నిజమే చెప్పింది. డబ్బు లేని సాధువుల కోసం నల్ల గొంగళి కప్పుకు తిరిగిన ఓ స్వామి, కాలీ కమ్లీవాలా బాబా అని ఆయన్నే పిలుస్తారు, దారి పొడుగునా ధర్మశాలలు కట్టించే ఏర్పాటు చేశాడు. ఆయన పేరు మీది సంస్థ ఋషీకేశంలో ఇప్పటికీ ఉంది.

ఆ చట్టీల్లో సుఖం ఉందని నేనననుగాక అనను. చలి, పేలు, ఈగలు, వీటన్నిటినీ మించి కలరా. యాత్రికుల వెనకే కలరా కూడా కొండెక్కేది. కానీ ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. గడ్డి కప్పు వేసిన చట్టి బరువు కొండకి ఏం బరువు? ఈగ వాలినంత. వచ్చినవాడు సెలయేట్లో స్నానం చేసి, పొద్దున్నే మూట కట్టుకుని పైకి పోయేవాడు. 1962 చైనా యుద్ధం తర్వాత సైన్యం కోసం మోటారు రోడ్లు గబగబా పైకి పాకాయి. రోడ్డెక్కిన చోటల్లా చట్టీలు చెదిరిపోయాయి. హనుమాన్ చట్టి లాంటి పేర్లు మాత్రం మిగిలాయి, మన పేట చివర్న ఎప్పుడో కొట్టేసిన చింతచెట్టు పేరు బస్‌స్టాపుకి మిగిలినట్టు.

మా మజిలీ జోషీమఠ్. బదరీకి ఇంకా నలభై అయిదు కిలోమీటర్లుంది. ఆరువేల అడుగుల ఎత్తున కొండవాలు మీద, కింద లోయలో అలకనందా ధౌలిగంగా కలిసే విష్ణుప్రయాగ. ఆదిశంకరులు దేశం నాలుగు దిక్కులా స్థాపించినవని చెప్పుకునే నాలుగు పీఠాల్లో ఉత్తరాది పీఠం, జ్యోతిర్మఠం, ఇదే. ఆయన తపస్సు చేశారనే మల్బరీ చెట్టుని కల్పవృక్షమంటారు. 2024లో ఈ తాలూకాకి మళ్ళీ జ్యోతిర్మఠ్ అన్న పాత పేరే పెట్టారు.

హోటలు పేరెందుకుగానీ, నాలుగంతస్తులు. లోయవైపు బాల్కనీ ఉన్న గది కావాలని నేనే పట్టుబట్టి తీసుకున్నాను. వేడినీళ్ళు ఇరవై నాలుగ్గంటలూ వస్తాయని బోర్డు. మా అత్తగారికి డెబ్బై నాలుగేళ్ళు. పుట్టింది గోదావరి లంకలో, మట్టింట్లో. ఆవిడకి నీటి భయం ఒంటపట్టిపోయింది. ఎవరింటికి వెళ్ళినా ముందు పెరట్లోకి వెళ్ళి తూము ఎటుందో చూసొస్తుంది. గోడ వారన నీళ్ళు నిలవనిస్తే ఆ ఇల్లు మనదనుకోకూడదు అంటుంది. పెళ్ళయిన కొత్తలో నేను గిన్నెలు కడిగిన నీళ్ళు అరుగు పక్కన పారబోసి తిన్న చీవాట్లు ఇప్పటికీ గుర్తే. ఆ రాత్రి స్నానాల గదిలోంచి బయటికొచ్చి, తల తుడుచుకుంటూ అదే ధోరణిలో అడిగింది.

"ఈ నీళ్ళెటు పోతాయమ్మాయ్?"

"ఎటో పోతాయి లెండి అత్తయ్యా, మురిక్కాలవలోకి."

"కాలవేదీ? పొద్దుణ్ణించీ చూస్తున్నా, నాకు కనిపించలేదు."

నాకూ కనిపించలేదు. నిజమేమిటంటే ఈ ఊళ్ళో పక్కా మురుగునీటి ఏర్పాటు సరిగా లేదనేది చాలా ఏళ్ళుగా ఉన్న ఫిర్యాదే. చాలా ఇళ్ళ నీళ్ళు ఇంకుడుగుంటల్లోకి, అంటే కొండలోకే పోతాయి.

మర్నాడు నరసింహస్వామి గుడికి వెళ్ళాం. చలికాలం ఆరునెలలూ బదరీ గుడి మూసేస్తే శంకరాచార్యుల గద్దెని దించి తెచ్చేది ఇక్కడికే. అహోబిలం, సింహాచలం చూసిన కళ్ళకి ఈ స్వామి చిన్నవాడే, కానీ కథ మాత్రం పెద్దది. స్వామి చెయ్యి ఒకటి ఏటికేడూ సన్నబడుతోందట. అది ఊడిపడిన రోజున విష్ణుప్రయాగ దాటాక ఉండే రెండు కొండలు కూలి ఒకదాన్నొకటి ఢీకొని బదరీ దారి మూసేస్తాయట. అప్పుడు స్వామి భవిష్య బదరిలో వెలుస్తాడట. ఆ చోటు కూడా దగ్గర్లోనే ఉంది, ముందుచూపు గల దేవుడు!

ఈ చెయ్యి కథకి వెనక ఇంకో కథ ఉంది. ఒకప్పుడు ఈ ఊరు కత్యూరీ రాజుల రాజధాని. రాజు వేటకెళ్ళిన వేళ ఓ అతిథి వచ్చి అన్నమడిగాడు. రాణి పెట్టింది. తిని, రాజుగారి మంచమెక్కి పడుకున్నాడు. రాజు తిరిగొచ్చి, చూసి, మనకి తెలిసిన రాజులందరిలాగే ముందు కత్తి దూసి, తర్వాత ప్రశ్న అడిగాడు. చేతి మీద పడిన దెబ్బలోంచి రక్తానికి బదులు పాలు కారాయి. వచ్చినవాడు నరసింహుడు. "నీ ఊరు చూసి సంతోషించి వచ్చాను, ఇక నువ్వీ ఊరు విడిచిపో" అన్నాడు. రాజవంశం కుమావూఁలోని కత్యూరు లోయకి తరలిపోయింది. రాజధాని మారడం మాత్రం చరిత్రకారులు కూడా ఒప్పుకుంటారు. ఎందుకు మారిందనే దగ్గర, కొండ విరిగిపడడం వల్ల కావచ్చునని అనుమానించినవాళ్ళున్నారు. నాకు ఈ అనుమానం నచ్చింది. ఒక చోట కాలి కింద నేల కదిలిందన్న సంగతిని, వందల ఏళ్ళు మరిచిపోకుండా మనవలకి చెప్పాలంటే, దేవుడి చేతికి గాయం చేసి చెప్పడం కన్నా మంచి ఉపాయం ఏముంది?

శాస్త్రజ్ఞులు కథలు చెప్పరు, రాళ్ళు చూస్తారు. 1936లో ఈ కొండల్లో తిరిగిన హైమ్, గాన్సర్ అనే స్విట్జర్లాండు భూగర్భశాస్త్రజ్ఞులు 1939లో పుస్తకం వేశారు. జోషీమఠ్ గట్టి రాతి మీద లేదు, ఎప్పుడో విరిగిపడ్డ కొండచరియ తాలూకు మట్టీ బండల కుప్ప మీద ఉందని వాళ్ళు గుర్తించారు. మన భాషలో చెప్పాలంటే పూడిక మీద కట్టిన ఇల్లు.

ఇక్కడ మీకో పాత సంగతి చెప్పాలి. జోషీమఠ్‌కి దిగువన, మేం వచ్చిన దారి పక్కనే, బిరహీ గంగ అనే చిన్న నది అలకనందలో కలుస్తుంది. 1893 సెప్టెంబరులో, గోహనా అనే పల్లె దగ్గర కొండ కూలి ఆ నదికి అడ్డం పడింది. పడ్డ కట్ట ఎత్తు సుమారు తొమ్మిది వందల అడుగులు. వెనక నీళ్ళు నిలవడం మొదలైంది. కొండ కూలిందని పట్వారీ కబురు పంపాడు. పట్వారీ అంటే మన కరణంలాంటివాడు. మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదుగానీ, తర్వాత పుల్‌ఫర్డ్ అనే ఇంజనీరు వచ్చి చూశాడు. భూగర్భ సర్వే నుంచి హాలండ్ వచ్చాడు. ఈ కట్టని మనం తవ్వలేం, నీళ్ళు నిండి పొర్లేదాకా ఊరుకోవాల్సిందే, అది మరుసటేడు ఆగస్టులో జరుగుతుందని లెక్క కట్టారు.

లెక్క కట్టి ఊరుకోలేదు, అదీ విశేషం. సరస్సు దగ్గర్నించి దిగువ ఊళ్ళమీదుగా హరిద్వారం దాకా తంతి తీగ లాగారు. యాత్రామార్గంలో కొట్టుకుపోయే వంతెనలు విప్పి దాచారు. వరద ఎంత ఎత్తు రావచ్చో కొండవాలు మీద గుర్తురాళ్ళు పాతి, కబురందగానే జనం ఈ రాళ్ళ పైకి ఎక్కాలన్నారు. ఓ ఇంజనీరు కట్ట దగ్గరే కాపురం పెట్టి రోజూ నీటిమట్టం తంతి కొట్టాడు. 1894 ఆగస్టు 25 రాత్రి కట్ట తెగింది. తెల్లారేసరికి గఢ్వాల్ రాజుల పాత రాజధాని శ్రీనగర్ (కాశ్మీరు శ్రీనగర్ కాదు, అలకనంద ఒడ్డుది) బజారూ, ఇళ్ళూ, పాడుబడ్డ కోటా సమస్తం తుడిచిపెట్టుకుపోయింది. ఎంతమంది పోయారనుకున్నారు? అయిదుగురు. ఖాళీ చేయించినా వినక మళ్ళీ కట్ట కిందికే వెళ్ళిన ఓ ఫకీరు, అతని కుటుంబం. శ్రీనగర్‌లో మనుషులంతా గుర్తురాళ్ళ పైన కూచుని, తమ ఊరు నదిలో కొట్టుకుపోవడం కళ్ళారా చూశారు. తర్వాత కాస్త ఎత్తున కొత్త ఊరు కట్టుకున్నారు.

దొరలని మెచ్చుకోవడానికి ఈ కథ చెప్పడంలేదు. హిమాలయాల్లో దేవదారు అడవుల్ని రైలుపట్టాల కిందికి నరికించినదీ ఆ దొరల కాలమే. మెచ్చుకోవాల్సింది ఒక్క పనిని. తెలిసినవాళ్ళు చెప్పారు, చెప్పిన మాట కింది ఊళ్ళ దాకా చేరింది, చేరిన మాట జనం విన్నారు. మూడూ జరిగితేనే ప్రాణం నిలుస్తుంది.

ఇప్పుడు జోషీమఠ్ సంగతి చూడండి. ఊళ్ళో నేల కుంగుతోందన్న ఫిర్యాదుల మీద 1976లో గఢ్వాల్ కమిషనర్ మహేశ్ చంద్ర మిశ్రా అధ్యక్షతన పద్ధెనిమిది మందితో కమిటీ వేశారు. ఆ కమిటీ చెప్పినదానిలో అర్థం కాని శాస్త్రం ఏమీ లేదు. ఈ ఊరు పాత కొండచరియ మీద ఉంది. వాలు మీది బండల్ని తవ్విగానీ పేల్చిగానీ కదపకండి. నేల మోయగలదో లేదో చూడకుండా భారీ కట్టడాలు కట్టకండి. చెట్లు కొట్టకండి, నాటండి. వాననీళ్ళూ వాడకం నీళ్ళూ లోపలికి ఇంకకుండా పక్కా కాలవలు కట్టండి. పగుళ్ళు పూడ్చండి. అంతే. చివరి రెండూ మా అత్తగారు ఏ కమిటీలోనూ లేకుండానే చెప్పగలదు.

ఆ రెండేళ్ళ ముందే, 1974 మార్చిలో, ఇక్కడికి దగ్గర్లోని రైణీ పల్లెలో గౌరాదేవి అనే ఆవిడ ఊరి ఆడవాళ్ళని వెంటబెట్టుకుని అడవికెళ్ళి చెట్లకి అడ్డం నిలబడింది. చిప్కో ఉద్యమమని మన పాఠ్యపుస్తకాల్లోకెక్కిన కథ అదే. వాళ్ళకి నివేదికలక్కర్లేకపోయింది. 1970 అలకనంద వరద కళ్ళ ముందుంది. గోహనా సరస్సు తాలూకు మిగిలిన నీళ్ళు కూడా ఆ వరదలోనే వెళ్ళిపోయాయి. 2021 ఫిబ్రవరిలో ఆ రైణీ మీదుగానే రాయీ మంచూ విరిగిపడ్డ వరదొచ్చి, రెండు వందలమందికి పైగా చనిపోవడమో ఆచూకీ లేకుండా పోవడమో జరిగింది.

నలభై ఏడేళ్ళలో రోడ్లు వెడల్పయ్యాయి, హోటళ్ళు అంతస్తులు పెంచుకున్నాయి, దగ్గర్లో జలవిద్యుత్తు కోసం సొరంగం తవ్వారు. 2023 జనవరి మొదటి వారంలో గోడలు పగిలాయి. ఓ పేటలో నేలలోంచి బురదనీళ్ళు ఉబికాయి. ఎనిమిది వందలకి పైగా కట్టడాలకి బీటలు పడ్డట్టు లెక్క తేలింది. రెండు హోటళ్ళు ఒకదాని మీదికొకటి ఒరిగితే కూల్చేయాల్సి వచ్చింది. సొరంగం వల్లని జనం, కాదని కట్టేవాళ్ళు. ఆ తగువు తీర్చే చదువు నాది కాదు.

కానీ ఒక సంగతి మనకి దగ్గరది. పన్నెండు రోజుల్లో ఆ ఊరు 5.4 సెంటీమీటర్లు కుంగిందని ఉపగ్రహాల బొమ్మలు చూసి చెప్పింది ఎక్కడో కాదు, మన హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్. పత్రికలన్నీ వేశాయి. ఆ వెంటనే ఆ నివేదిక వెబ్‌సైటులోంచి తీసేశారు. రకరకాల సంస్థలు తలో మాటా చెబితే జనం కంగారుపడతారని, అనుమతి లేకుండా పత్రికలకి ఏమీ చెప్పొద్దని విపత్తు నిర్వహణ అధికారులు ఆదేశించారు. 1894లో వార్త పంపడానికి తీగ లాగారు. 2023లో వార్త పాకకుండా తీగ కోశారు. చరిత్ర ముందుకే నడుస్తుందని మా మేష్టారు చెప్పేవారు, ఆయనకి ఈ దారి చూపించాలనిపించింది.

గుడి నుంచి తిరిగొస్తూ మెట్లదారిలో ఓ ఇంటి ముందు ఆగాం. అత్తగారి మోకాలు మొరాయించింది. గోడ మీద ఎర్రరంగుతో పెద్ద ఇంటూ గుర్తు. ఉండటానికి వీల్లేదని సర్కారు వేసిన గుర్తది. గుమ్మం పైనుంచి నేల దాకా మెరుపు తీగలా పగులు, నా అరచెయ్యి దూరేంత. లోపల ఒకావిడ ఆవుకి గడ్డేస్తోంది. నా ఈడే ఉంటుంది. రాత్రిళ్ళు చుట్టాలింట్లో, పగళ్ళు ఇక్కడట. "నాకంటే గది ఇచ్చారు, దీనికి ఇవ్వలేదుగా" అంది ఆవుని చూపించి. మా అత్తగారిని మాతాజీ అని పిలిచి పీట వేసి, టీ పెట్టిచ్చింది.

అత్తగారు టీ తాగి, గ్లాసు కడిగి, ఆ నీళ్ళు అలవాటు కొద్దీ వాకిట్లో పారబోయబోయి, చటుక్కున ఆగింది. గ్లాసు చేత్తో పట్టుకుని దిక్కులు చూస్తోంది. నా వచ్చీరాని హిందీలో ఆవిడ భయమేమిటో చెప్పాను.

ఆ ఇల్లాలు నవ్వింది. "పొయ్యండి మాతాజీ, గ్లాసుడు నీళ్ళకి కొండ జారదు" అంది. తర్వాత ఎదురుగా మా హోటలు వైపు చూసి, "ఎక్కడ దిగారు?" అని అడిగింది. నేను వేలు పెట్టి చూపించలేకపోయాను. "అదిగో, అటేపు" అని నసిగాను. ఆవిడ మమ్మల్నేమీ అనలేదు. యాత్రికులు రాకపోతే ఈ ఊళ్ళో పొయ్యి వెలగదని ఆవిడే అంది. అదీ చిక్కు. మనం వెళ్ళకపోతే తిండి లేదు, వెళితే నేల లేదు. చట్టివాడు గిన్నె అరువిచ్చినన్నాళ్ళూ మనం దాన్ని తోమి ఇచ్చి వచ్చాం. ఇప్పుడు మన ఇంట్లో ఉన్న సుఖమంతా కొండ మీద కూడా కావాలని అడుగుతున్నాం. అడిగినవాళ్ళలో బాల్కనీ గదికి పట్టుబట్టిన ఈ రచయిత్రి కూడా ఉంది.

ఆ రాత్రి మా అత్తగారు అరబకెట్టు నీళ్ళతో స్నానం కానిచ్చింది. నేనూ అంతే. దానివల్ల కొండకేదో మేలు జరిగిందని చెప్పుకునేంత అమాయకురాలిని కాను. మర్నాడు బదరీ వెళ్ళాం, తప్తకుండంలో మునిగాం, దర్శనం దివ్యంగా జరిగింది. దాన్ని గురించి మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇంటికొచ్చాక అన్నయ్య ఫోను చేశాడు. యాభై దాటినా వాడి వేళాకోళం పోలేదు.

"ఏమే, నువ్వు కూడా చట్టిలో పడుకున్నావా?"

"పడుకున్నాన్రా" అన్నాను. "చట్టికి బీటలు పడ్డాయి."

అటువైపు నుంచి నవ్వు వినిపించలేదు.